విశ్వవిద్యాలయ పంచాంగంలో నెలవంకకు చోటేది?

ప్రతి సంవత్సరం వేసవి ముగిసే వేళకు మన విశ్వవిద్యాలయాలు ఒకటి రెండు పుటల కాగితాన్ని విడుదల చేస్తాయి. దానిని వారు అల్మనాక్ అంటారు. తెలుగులో చెప్పాలంటే పంచాంగమే. తరగతులు ఏనాడు మొదలు కావాలి, మొదటి ఇంటర్నల్ పరీక్ష ఎప్పుడు, దసరా సెలవులు ఎన్ని, ప్రాక్టికల్స్ ఏ వారంలో, సెమిస్టర్ పరీక్షలు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. వలీమా దావతు కార్డును నాలుగుసార్లు తిరగేసి చదివే మన ఇళ్లలో ఈ కాగితాన్ని ఒక్కసారి చదివినవారు ఎందరుంటారో నేను చెప్పలేను. నేను కూడా చదవలేదు. ముప్పై నాలుగేళ్లు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా తేదీల మధ్య, గడువుల మధ్య, జమాబందీ లెక్కల మధ్య జీవించినవాణ్ణి అయి ఉండి కూడా, పిల్లల చదువులను నడిపే ఈ కాగితం ఎక్కడ తయారవుతుందో నాకు 2023 వరకు తెలియదు.

ఆ ఏడాది బక్రీద్ జూన్ 29, గురువారం నాడు వచ్చింది. మా బస్తీలో వెల్డింగ్ పని చేసుకునే ఒక సోదరుని కుమార్తె అప్పటికి జిల్లా కేంద్రంలో హాస్టలులో ఉండి డిగ్రీ చదువుతున్నది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. పరీక్షల టైంటేబుల్‌లో పండుగ నాడు సెలవే ఉన్నది. మరునాడు ఉదయం 10 గంటలకు మాత్రం రసాయనశాస్త్రం పేపరు ఉన్నది. ఇంటికి నూటపది కిలోమీటర్లు. పండుగ సాయంత్రం ఆ దారిలో బస్సులు అంతంతమాత్రం. వచ్చి వెళ్లడం కుదరదని ఆమె హాస్టలులోనే ఉండిపోయింది. సాయంత్రం ఫోను చేసి "ఈద్ ముబారక్ చిచ్చా" అన్నది. "ఏం తిన్నావు బేటీ?" అని అడిగితే మొదట మాట దాటవేసింది. రెండోసారి అడిగాక చెప్పింది. వంటవారికి పండుగ సెలవు ఇచ్చారట, మెస్ మూసి ఉన్నదట. ముందురోజు కొనిపెట్టుకున్న బ్రెడ్డుతో, రెండు అరటిపండ్లతో ఆ పిల్ల బక్రీద్ గడిచింది. ఇక్కడ వాళ్ల అమ్మ ఖుర్బానీ మాంసంలో ఆమె పాలు వేరుగా తీసి, రేపు ఎవరైనా అటు వెళతారేమోనని రాత్రిదాకా ఇల్లిల్లూ అడిగింది.

ఆ పేపరులో అమ్మాయికి మంచి మార్కులే వచ్చాయి. అందువల్ల ఈ సంగతి ఏ ఫైలులోనూ నమోదు కాలేదు.

ఆ టైంటేబుల్ చూడగానే, పండుగకు వారం రోజుల ముందు, నేను ఒక అర్జీ వ్రాసుకొని పరీక్షల విభాగానికి వెళ్లాను. విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. అక్కడి సెక్షన్ సూపరింటెండెంట్ గారు కుర్చీ వేయించి, టీ తెప్పించి, నా అర్జీ పూర్తిగా చదివారు. అంత మర్యాద నేను ఆశించలేదు. ఆయన అన్నమాట ఇది: "సార్, మీరూ సర్కారు నౌకరీ చేసినవారే కాబట్టి దాపరికం లేకుండా చెబుతాను. అల్మనాక్ అయ్యాక టైంటేబుల్ వేస్తాం. టైంటేబుల్ అయ్యాక ప్రశ్నపత్రాలు అచ్చవుతాయి, సెంటర్లకు వెళతాయి, ఇన్విజిలేటర్ల డ్యూటీలు పడతాయి. మీవాళ్లు ఎప్పుడొచ్చినా ఈ చివరలోనే వస్తారు." తరువాత ఒక పాత ఫైలు తీసి చూపించారు. నిరుటి అల్మనాక్ ముసాయిదాను కళాశాలల ప్రిన్సిపాళ్లందరికీ పంపి, అభ్యంతరాలుంటే పది రోజులలో తెలియజేయవలసిందిగా కోరిన లేఖ అది. దాని వెనుక జవాబులు మూడు ఉన్నాయి. ఒకటి క్రీడోత్సవాల గురించి, ఒకటి ల్యాబు మరమ్మతుల గురించి, మరొకటి నాకు గుర్తులేదు. బక్రీద్ గురించి ఎవరూ వ్రాయలేదు. ఆ కళాశాలలలో ముస్లిం అధ్యాపకులు లేరా అంటే, ఉన్నారు.

ఆ రోజు నేను కోపంతో వెళ్లి సిగ్గుతో తిరిగివచ్చాను. మనకు అన్యాయం జరగడం లేదని నేను చెప్పడం లేదు. తేదీలు నిర్ణయించే బల్ల దగ్గర మన మాట చెప్పేవారు లేకపోతే, ఎవరికీ దురుద్దేశం లేకుండానే అన్యాయం జరిగిపోతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ప్రధానంగా ఇదే.

ఇక ఆ బల్ల మీద జరిగే లెక్క ఏమిటో చూద్దాం. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాలు, కళాశాలలు సంవత్సరానికి కనీసం 180 రోజులు బోధన జరపాలి. వారానికి ఆరు రోజుల చొప్పున అది 30 వారాలు. మిగిలిన 22 వారాలలో 12 వారాలు అడ్మిషన్లకు, పరీక్షలకు, ఆటలకు, కళాశాల వార్షికోత్సవం వంటివాటికి కేటాయించవచ్చు. 8 వారాలు దీర్ఘకాలిక సెలవులు. పండుగలు, జాతీయ దినాల వంటి ప్రభుత్వ సెలవులకు 2 వారాలు. మొత్తం 52. ఈ చట్రం దేశమంతటికీ ఒకటే. అయితే చట్రంలోపల ఏ వారం ఎక్కడ పెట్టాలన్నది విశ్వవిద్యాలయం చేతిలో ఉన్నది. పరీక్షలకు దొరికే ఆ 12 వారాలను ఏ తేదీల మీద పరచాలన్నదే మన సమస్యకు మూలం.

నేను డిగ్రీ చదివిన రోజులలో ఈ సమస్య ఉన్నట్టే తెలియదు. కారణం మా భక్తి కాదు, మా అదృష్టం. 1979, 1980, 1981 సంవత్సరాలలో రంజాన్ జూలైలో మొదలైంది. కళాశాల అప్పుడప్పుడే తెరిచే కాలమది. పరీక్షలేమో ఏడాదికి ఒక్కసారి, మార్చి ఏప్రిల్ నెలల్లో. రెండింటికీ మధ్య ఏడెనిమిది నెలల దూరం. వానాకాలపు సాయంత్రాలలో ఇఫ్తార్ చేసి, తరావీహ్ చదువుకొని, మరునాడు నింపాదిగా తరగతికి వెళ్లేవాళ్లం. వార్షిక పరీక్షల పద్ధతి ఉన్నంతకాలం రంజాన్ పరీక్షల మీదికి రావాలంటే ముప్పై మూడేళ్ల చక్రంలో కొద్ది సంవత్సరాలు మాత్రమే అవకాశం. ఆ కొద్ది సంవత్సరాలను ఏ తరమైనా ఓర్చుకొని దాటేసింది.

సెమిస్టర్ పద్ధతి వచ్చాక లెక్క మారింది. తెలంగాణ డిగ్రీ కళాశాలల్లో 2016-17 నుంచి సీబీసీఎస్ పేరుతో ఈ పద్ధతి అమలైంది. ఇప్పుడు ఏడాదికి రెండు సెమిస్టర్ పరీక్షలు. ఒక్కొక్కదానికి ముందు ఇంటర్నల్స్, ప్రాక్టికల్స్. ఆ పైన సప్లిమెంటరీలు. ఏడాదిలో సగం నెలలు ఏదో ఒక పరీక్షతో నిండి ఉన్నాయి. అటువంటప్పుడు రంజాన్ ఎక్కడ వచ్చినా, బక్రీద్ ఎక్కడ వచ్చినా ఏదో ఒక పరీక్షకు తగలక తప్పదు. మన పిల్లల రోజా బలహీనపడిందనో, వారికి ఓర్పు తగ్గిందనో అనే పెద్దలు ఈ తేడాను గమనించాలి. మనం పడిన కష్టం వేరు, వారు పడుతున్న కష్టం వేరు.

రాబోయే కాలం ఇంకా దగ్గరగా చూడవలసి ఉన్నది. 2025లో రంజాన్ మార్చి 2న మొదలైంది. మార్చి 31న పండుగ చేసుకున్నాం. ఆ నెలంతా మన ఇంటర్మీడియెట్ పిల్లలు సహరీ చేసి పరీక్షకు వెళ్లారు. 2026లో రంజాన్ ఫిబ్రవరి 19 ప్రాంతంలో, 2027లో ఫిబ్రవరి 9 ప్రాంతంలో, 2028లో జనవరి చివర, 2029లో జనవరి మధ్యలో వస్తుంది. 2030లో అయితే ఒకే ఆంగ్ల సంవత్సరంలో రెండు రంజాన్‌లు మొదలవుతాయి. ఒకటి జనవరి మొదటి వారంలో, మరొకటి డిసెంబరు చివరి వారంలో. (1997లో కూడా ఇట్లాగే జరిగిన సంగతి నా వయసువారికి గుర్తుండే ఉంటుంది.) అంటే రానున్న అయిదారేళ్లూ ఉపవాస మాసం నడిచి వెళ్లే దారి సరిగ్గా మొదటి, మూడవ, అయిదవ సెమిస్టర్ల పరీక్షల కాలం గుండానే. అదే సమయంలో బక్రీద్ మే నెల చివరి నుంచి ఏప్రిల్ వైపు జరుగుతూ, రెండవ, నాలుగవ, ఆరవ సెమిస్టర్ల ప్రాక్టికల్స్ మీదికి, పరీక్షల మీదికి వస్తుంది. ఇది జోస్యం కాదు. ఒక్క రోజు అటూ ఇటూగా ఇప్పుడే లెక్క కట్టి చెప్పగలిగిన విషయం.

ఆ ఒక్క రోజు గురించే అధికారులు ఎక్కువగా చెబుతారు. "మీ పండుగ ఏ రోజో మీకే తెలియదు, మేమెట్లా తేదీ పెట్టాలి?" అని. వినడానికి సమంజసంగానే ఉంటుంది. 29వ సాయంత్రం రూయతె హిలాల్ కమిటీ ప్రకటన కోసం మనమే మేడలెక్కి ఎదురుచూస్తాం కదా. అయితే అనిశ్చితి ఒక్క రోజుకే పరిమితం. నెలవంక 29న కనిపిస్తుంది, లేదా 30 పూర్తవుతుంది. మూడవ మార్గం లేదు. బక్రీద్ విషయంలో ఆ అనిశ్చితి కూడా పది రోజుల ముందే తొలగిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించే సెలవుల జాబితాలోనే చంద్రదర్శనాన్ని బట్టి తేదీ మారవచ్చునన్న మాట ఉంటుంది. ప్రభుత్వం ఆ మాట వ్రాసుకొని పాలన సాగిస్తున్నప్పుడు విశ్వవిద్యాలయం ఎందుకు సాగించలేదు? పండుగ పడే అవకాశమున్న రెండు రోజులు, ఆ తరువాతి ఒక్క రోజు, వెరసి మూడు రోజులు పరీక్ష లేకుండా ఉంచితే సరిపోతుంది.

దీనికి ఎంత ఖర్చవుతుందో కూడా గుమాస్తా బుద్ధితో లెక్క వేశాను. రంజాన్‌కు మూడు, బక్రీద్‌కు మూడు, మొత్తం ఆరు రోజులు. వాటిలో పండుగ సెలవులు ఎట్లాగూ ఉన్నాయి. తెలంగాణలో ఈదుల్ ఫిత్ర్ మరునాడు కూడా సెలవే. మిగిలేవి మూడు రోజులు. ఆ మూడింటినీ సెలవుగా ఇవ్వమని మనం అడగడం లేదు, తరగతులు జరుపుకోవచ్చు. పరీక్ష మాత్రం పెట్టవద్దంటున్నాం. పరీక్షల టైంటేబుల్‌లో పేపరుకూ పేపరుకూ మధ్య ఖాళీ రోజులు ఇప్పటికే ఉంటున్నాయి. ఆ ఖాళీని ఇటు జరిపితే చాలు. 180 బోధన దినాలలో ఒక్కటి కూడా తగ్గదు. ఖజానా మీద ఒక్క రూపాయి భారం పడదు.

తేదీలు జరపడం అసాధ్యమని ఎవరైనా అంటే నమ్మవలసిన పని లేదు. 2025 జనవరి 15న జరగవలసిన యూజీసీ నెట్ పరీక్షను సంక్రాంతి, పొంగల్ పండుగల కారణంగా వాయిదా వేశారు. మంచి పని చేశారు. ఆ పండుగకు ఇంటికి వెళ్లవలసిన పిల్లల ఆరాటం మనకూ తెలిసినదే. కరోనా సంవత్సరంలో, 2020లో, జూలై ఆగస్టులలో మొదలు కావలసిన మొదటి సంవత్సరం తరగతులను నవంబరు 1 నుంచి మొదలుపెట్టమని యూజీసీయే చెప్పింది. విద్యా సంవత్సరమే మూడు నాలుగు నెలలు జరిగినప్పుడు ఒక పేపరు ఒక రోజు జరగడం పెద్ద విషయం కాదు. బ్రిటన్‌లో 2016 ప్రాంతంలో రంజాన్ వేసవి పరీక్షల మీదికి వచ్చినప్పుడు, ఎక్కువమంది వ్రాసే కొన్ని ప్రధాన పేపర్లను వీలైనంతవరకు మాసం మొదలు కాకముందే పెట్టేటట్టు అక్కడి పరీక్షా మండలులు చూశాయి. మన రాష్ట్రంలోనే రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే ఇంటికి వెళ్లేందుకు అనుమతి ఉన్నది. ఉర్దూ మాధ్యమ పాఠశాలల వేళలను ఉదయానికి మారుస్తున్నారు. ఉద్యోగికీ, బడిపిల్లకూ ఉన్న ఆ వెసులుబాటు వారిద్దరి మధ్య వయసులో ఉన్న కళాశాల విద్యార్థికి మాత్రం లేదు. మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు పేపరు వ్రాసి, రెండు బస్సులు మారి, ఆరున్నరకు ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరలేక బస్టాండులో ఖర్జూరంతో రోజా విడిచే పిల్లలు మనకు ప్రతి ఏటా కనిపిస్తూనే ఉన్నారు. ఆ నెలలో పేపర్లను ఉదయం పూటకు మార్చడం కష్టమేమీ కాదు. శుక్రవారం మధ్యాహ్నం పేపరు 2 గంటలకని ఉంటే విద్యార్థి ఒకటిన్నరకే హాలులో ఉండాలి, అంటే జుమా పోయినట్లే. ఒక అరగంట ఆలస్యంగా మొదలుపెడితే ఎవరికీ నష్టం లేదు.

ఇక్కడ మనవారిలోనే కొందరితో నాకు భేదాభిప్రాయం ఉన్నది. రంజాన్ నెల మొత్తం విశ్వవిద్యాలయాలకు సెలవు ప్రకటించాలని, లేదా ముస్లిం విద్యార్థులకు ఆ నెల హాజరు మినహాయించాలని అడిగేవారు ఉన్నారు. సభలలో ఈ మాటకు చప్పట్లు బాగా పడతాయి. నేను దీనిని సమర్థించలేను. నెలరోజులు తరగతికి రాని విద్యార్థి 75 శాతం హాజరును కాగితం మీద దాటవచ్చును గాని పాఠాన్ని దాటలేడు. అంతకన్నా ముఖ్యం, ఇది మన పూర్వులు నడిచిన పద్ధతి కూడా కాదు.

నేను రెవెన్యూ శాఖలో చేరిన మొదటి వారంలో పాత పహాణీలలో ఫసలీ సంవత్సరాలు చూసి తికమకపడ్డాను. అంకె చూస్తే హిజ్రీలాగా ఉన్నది, కాని హిజ్రీ కాదు. తరువాత పాత తరం పెద్ద గుమాస్తా ఒకరు విడమరచి చెప్పారు. హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 రోజులు. పంటకు చంద్రుడితో పని లేదు, అది ఎండావానలను బట్టి వస్తుంది. హిజ్రీ సంవత్సరం ప్రకారం శిస్తు వసూలు చేస్తే ముప్పై రెండు పంటలు పండించిన రైతు ముప్పై మూడు శిస్తులు కట్టవలసి వస్తుంది. ఈ అన్యాయాన్ని గ్రహించిన మొగలు ప్రభువులు నమాజుకు, రోజాకు, హజ్జుకు హిజ్రీని ఉంచుకొని, శిస్తుకు పంటను అనుసరించే ఫసలీని ఏర్పరచారు. ఫసల్ అంటే పంట కదా. దక్కన్‌లో షాజహాన్ కాలంలో, 1636లో ఈ లెక్క మొదలైంది. అప్పుడు హిజ్రీ 1046. ఫసలీని కూడా 1046 అనే మొదలుపెట్టారు. 2025 జూలైలో మన రెవెన్యూ కార్యాలయాలలో ఫసలీ 1435 ఆరంభమైంది, అప్పటికి హిజ్రీ మాత్రం 1447. ఒకే అంకెతో బయలుదేరిన రెండు లెక్కలు 389 ఏళ్లలో 12 ఏళ్లు ఎడమయ్యాయి. నిజాం కార్యాలయాలలో కూడా ఆజుర్, దై, బహమన్ అంటూ ఫసలీ నెలలతోనే ఉత్తరప్రత్యుత్తరాలు జరిగేవి.

ఎక్కువమంది రైతులు తమ మతం వారు కాని చోట, రైతుకు నష్టం కలగకూడదని ముస్లిం పాలకులు తమ కాలమానాన్ని పక్కన పెట్టి రెండవ లెక్కను నెత్తిన పెట్టుకున్నారు. రెండు పంచాంగాలను ఒకే బల్ల మీద ఉంచుకొని పని చేయడం ఈ నేలకు కొత్త కాదు. ఆ వారసత్వం ఉన్న మనం విశ్వవిద్యాలయాన్ని చంద్రుని వెంట నడవమని అడగకూడదు. ఎండ ముదిరాక సెలవులు, వానలకు తరగతులు అన్న క్రమం అందరి మేలు కోసం ఉన్నది, అది అట్లాగే ఉండాలి. పక్కన రెండవ గడి ఒకటి గీసి, అందులో హిజ్రీ తేదీ వ్రాసి, ఆ తరువాత పరీక్ష తేదీ వేయమని మాత్రం అడగాలి. ఆ గడి గీసిన అధికారి గుడ్ ఫ్రైడేను కూడా చూస్తాడు, తొమ్మిది రోజుల బతుకమ్మను కూడా చూస్తాడు. నాతో పనిచేసిన ఒక మిత్రుడు ప్రతి ఏటా అయ్యప్ప దీక్షలో ఉండేవాడు. మండలం రోజులలో అతడికి క్యాంపు డ్యూటీ వేయకుండా సర్దుకునేవాళ్లం. రంజాన్‌లో నా సాయంత్రపు పని అతడు చేసేవాడు. దీనికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ లేదు.

మరొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. మన పిల్లలలో గణనీయమైన భాగం మదరసాలలో చదువుతున్నారు. మదరసా విద్యా సంవత్సరం షవ్వాల్‌లో మొదలై షాబాన్‌లో ముగుస్తుంది, రంజాన్ సెలవు. అంటే మదరసా సంవత్సరం ప్రతి ఏటా పది పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ పోతుంది, విశ్వవిద్యాలయ సంవత్సరం కదలదు. ఇప్పుడు ఆలిమ్ చదువు పూర్తి చేసి ఫిబ్రవరిలో బయటికి వచ్చిన యువకుడు, అతని సనదును గుర్తించే విశ్వవిద్యాలయంలో చేరదలచినా జూలై వరకు ఎదురుచూడాలి. ఆ అయిదు నెలలలో ఇంటి పరిస్థితిని బట్టి ఏదో ఒక దుకాణంలో కుదురుకుంటాడు. జూలై వచ్చేసరికి జీతం అలవాటవుతుంది. ఇటువంటివారు నాకు తెలిసి నలుగురు ఉన్నారు, నలుగురూ తెలివైనవారే. 2024 జూన్‌లో యూజీసీ, విశ్వవిద్యాలయాలు కోరుకుంటే జూలై ఆగస్టులతో పాటు జనవరి ఫిబ్రవరిలలో కూడా ప్రవేశాలు ఇవ్వవచ్చునని ప్రకటించింది. ఇది తప్పనిసరి కాదు, ఐచ్ఛికం. రాబోయే మూడు నాలుగేళ్లు షాబాన్ ముగిసే సమయమూ ఈ రెండవ ప్రవేశాల సమయమూ దాదాపు కలిసి వస్తున్నాయి. తరువాత మళ్లీ విడిపోతాయి. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటి సంస్థలను ఈ అవకాశం వాడుకొమ్మని అడగవలసిన సమయం ఇదే. మన సంఘాల తీర్మానాలలో ఈ అంశాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2020-21లో ఉన్నత విద్యలో చేరిన విద్యార్థులలో ముస్లింలు సుమారు 4.6 శాతం. 2011 జనగణన ప్రకారం జనాభాలో మన వాటా 14.2 శాతం. అంతకుముందు సంవత్సరం 21 లక్షలున్న సంఖ్య ఆ ఏడాది 19.2 లక్షలకు దిగింది. అది కరోనా సంవత్సరం కనుక అంతా ఒకే కారణానికి అంటగట్టలేం. పరీక్ష తేదీ వల్ల ఎవరో చదువు మానేశారని నేను వాదించను. అయితే మొదటి తరం విద్యార్థి, అందులోనూ ఆడపిల్ల, కళాశాల గడప మీద నిలబడి ఉంటుంది. ఇంట్లో సగం మంది వెళ్లమంటారు, సగం మంది ఎందుకంటారు. పండుగకు బిడ్డ ఇంటికి రాకపోతే ఆ రెండవ సగానికి బలం పెరుగుతుంది. మా బస్తీ అమ్మాయి విషయంలో నానమ్మ ఆ మాట అననే అన్నది: "ఈద్‌కు కూడా పంపని చదువు మనకెందుకు?" ఆమెకు నచ్చజెప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

ఇక మన వైపు తప్పులు. ప్రతి రంజాన్‌లో పట్టణ పట్టణానా ఇఫ్తార్ విందులు జరుగుతాయి. మంత్రులు వస్తారు, ఉపకులపతులు వస్తారు, టోపీ పెట్టించి ఫొటోలు దిగుతాం. ఆ విందులలో ఒక్కచోటనైనా ఎవరైనా లేచి ఉపకులపతి చేతికి వచ్చే ఏటి పండుగ తేదీల కాగితం ఇచ్చారా? నేను హాజరైన విందులలో ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. హలీం బాగున్నదని చెప్పి వచ్చేశాను. ఇంకొకటి ఉన్నది. షవ్వాల్ రాగానే పెళ్లిళ్ల వరుస మొదలవుతుంది. పినతల్లి కూతురి పెళ్లికి నాలుగు రోజులు, మేనమామ ఇంట్లో వలీమాకు మూడు రోజులు అంటూ డిగ్రీ చదివే ఆడపిల్లను తరగతులు మాన్పించి తిప్పుతాం. రంజాన్‌లో పోయిన హాజరు కన్నా షవ్వాల్‌లో పోయిన హాజరే ఎక్కువ అని ఒక ముస్లిం అధ్యాపకురాలు నాతో అన్నారు. హాజరు పట్టీ ఆమె చేతిలో ఉన్నది కాబట్టి నేను వాదించలేదు. పండుగ మరునాడు పరీక్ష వద్దని అడిగే నోటితో, దావతు కోసం పాఠం మానవద్దని ఇంట్లో చెప్పగలగాలి.

2025-26 అల్మనాక్‌లు ఇప్పటికే వెలువడ్డాయి, వాటి మీద మన పని పరిమితమే. పండుగ తేదీలకు పరీక్షలు తగిలాయేమో కళాశాలవారీగా చూసుకోవడం, 2026 మార్చి 20, 21, 22, మే 27, 28, 29 తేదీలను ఖాళీగా ఉంచమని టైంటేబుల్ పడకముందే కోరడం వరకే. అసలు పని 2026-27 ముసాయిదా మీద. అది రాబోయే వేసవిలో తయారవుతుంది కనుక అర్జీలు మార్చి లోపు చేరాలి. ఆ విద్యా సంవత్సరంలో ఈదుల్ ఫిత్ర్ 2027 మార్చి 10 లేదా 11న, బక్రీద్ మే 17 లేదా 18న వచ్చే అవకాశం ఉన్నది. అర్జీ ఒక్క పుటకు మించకూడదు. ఈ తేదీలు, రంజాన్‌లో ఉదయం పూట పేపర్లు, శుక్రవారం అరగంట, పండుగ రోజులలో హాస్టలు మెస్, ఈ నాలుగే వ్రాయండి. రిజిస్ట్రారుకు ఒకటి, పరీక్షల నియంత్రణాధికారికి ఒకటి, మీ పిల్లల కళాశాల ప్రిన్సిపాలుకు ఒకటి ఇవ్వండి. ప్రిన్సిపాలు కాపీ అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ముసాయిదా వచ్చేది ఆయన దగ్గరికే. కాపీ మీద కళాశాల కోడు తప్పక వేయండి, లేకపోతే ఏ సెక్షనుకు పంపాలో తెలియక టపాలులోనే ఆగిపోతుంది. ఇచ్చిన చోట ఇన్‌వర్డ్ నంబరు వేయించుకొని, తేదీతో సహా వ్రాసిపెట్టుకోండి.